మీ చెల్కలో పిట్టల లెక్క రాసేది ఎవరు? ఆ లెక్కతో రైతుకేం పని?



ఈ మధ్య రైతు వేదికలో వేరుశనగ విత్తనశుద్ధి గురించి చెబుతుంటే ఒక పెద్దాయన లేచి నిలబడ్డాడు. "సారూ, మా గుట్ట కింద చెల్కల రెండు దినాల సంది ఇద్దరు పిల్లలు దుర్భిణి పట్టుకొని తిరుగుతున్నరు. అడిగితే పిట్టల లెక్క రాస్తున్నమంటరు. పిట్టల లెక్క వాళ్లకెందుకు? భూమి గుంజుకునేటందుకేనా?" అని అడిగాడు.

ప్రశ్న చాలా మంచిది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ఎత్తిపోతల రిజర్వాయర్లు, కాలువలు, కంకర క్వారీలు, ఇసుక రీచ్‌లు, ఫ్యాక్టరీలు పెరుగుతున్నాయి. వాటితోపాటు ఇలా దుర్భిణి, కెమెరా, నోటు పుస్తకం పట్టుకొని తిరిగేవాళ్లూ పెరుగుతారు. వాళ్లెవరు, ఏం రాస్తారు, వాళ్లకు జీతం ఎవరిస్తారు, మీరు వాళ్లకు ఏం చెప్పాలి అన్నవి ఈ వ్యాసంలో వివరంగా చూద్దాం. ఎరువు, పురుగుమందు గురించి కాకపోయినా ఇది మీ పంటకు సంబంధించిన విషయమే.

వచ్చేది ఎవరు?

వాళ్లను పరిరక్షణ జీవశాస్త్రవేత్తలు అంటారు. ఒకచోట ఏ చెట్లు, ఏ జంతువులు, ఏ పక్షులు ఉన్నాయి, అవి ఎలా బతుకుతున్నాయి, వాటిని కాపాడాలంటే ఏం చేయాలి అన్నది వీళ్ల చదువు. కొందరు అటవీశాఖతో, పరిశోధన సంస్థలతో పనిచేస్తారు. ఇంకొందరు పర్యావరణ కన్సల్టెన్సీ సంస్థల్లో ఉద్యోగం చేస్తారు. మీ చెల్కకు వచ్చేది ఎక్కువగా ఈ రెండో రకం వాళ్లు.

కన్సల్టెన్సీ ఎందుకు పుట్టిందో చూద్దాం. 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద కేంద్ర ప్రభుత్వం మొదట 1994లో, తర్వాత 2006 సెప్టెంబరు 14న నోటిఫికేషన్లు ఇచ్చింది. పెద్ద గని, డ్యామ్, ఫ్యాక్టరీ వంటివి మొదలుపెట్టే ముందు వాటివల్ల నేల, నీరు, గాలి, జీవజాలం, మనుషులకు ఏం జరుగుతుందో నివేదిక తయారు చేయాలి. దాన్ని పర్యావరణ ప్రభావ మదింపు నివేదిక అంటారు. వాడుకలో ఈఐఏ రిపోర్టు. ఆ రిపోర్టు చూసిన తర్వాతే పర్యావరణ అనుమతి ఇవ్వాలా వద్దా అని నిర్ణయిస్తారు.

ఈ రిపోర్టు ఎవరు పడితే వాళ్లు రాయడానికి లేదు. క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు చెందిన నాబెట్ గుర్తింపు ఉన్న సంస్థలే రాయాలి. ఆ సంస్థలో గాలికి ఒక నిపుణుడు, నీటికి ఒకరు, భూగర్భానికి ఒకరు ఉంటారు. "జీవావరణం, జీవవైవిధ్యం" అనే విభాగానికి బాధ్యుడు ఈ జీవశాస్త్రవేత్త. రిపోర్టులో ఆయన పేరు, సంతకం ఉంటాయి. అంటే మీ గుట్ట, మీ కుంట గురించి రాసిన మాటకు జవాబు చెప్పాల్సిన మనిషి ఆయన.

వాళ్లు చేసే పని

ప్రాజెక్టు స్థలాన్ని, సాధారణంగా దాని చుట్టూ 10 కిలోమీటర్ల వరకు ప్రాంతాన్ని పరిశీలిస్తారు. పని ఇలా ఉంటుంది:

- చెట్ల లెక్కకు పది మీటర్ల చదరం, పొదలకు ఐదు మీటర్ల చదరం, గడ్డికి ఒక మీటరు చదరం తాడుతో కొలిచి, అందులో ఉన్నవన్నీ రాస్తారు. మనం పొలంలో మీటరు చదరంలో మొక్కలు లెక్కపెట్టి ఎకరానికి అంచనా వేసినట్టే.
- పొద్దున, సాయంత్రం ఒకే గీత మీద నడుస్తూ కనబడిన పక్షులను, జంతువులను రాసుకుంటారు.
- అడుగుజాడలు, పెంటికలు, బొరియలు, గూళ్లు చూస్తారు. అవసరమైతే రాత్రి దానంతటదే ఫొటో తీసే కెమెరాలు పెడతారు.
- ఊరివాళ్లను అడుగుతారు. ఏ జంతువులు వస్తాయి, నీళ్లు ఎక్కడ తాగుతాయి, ఏ కాలంలో కనబడతాయి అని.

తర్వాత జాబితాను 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో పోలుస్తారు. నెమలి, ఉడుము, తోడేలు, కృష్ణజింక, మొసలి వంటివి మొదటి షెడ్యూలులో ఉన్నాయి. ఇవి ఉన్నాయని తేలితే వాటిని కాపాడడానికి ప్రత్యేక ప్రణాళిక రాయాలి, దానికి డబ్బు కూడా చూపాలి. అందుకే జాబితాలో ఒక్క పేరు చేరినా, చేరకపోయినా తేడా ఉంటుంది.

జీతం ఎవరిస్తారు?

ఇక్కడే అసలు చిక్కు ఉంది. ఈ రిపోర్టుకు డబ్బు ఇచ్చేది ప్రాజెక్టు కట్టేవాళ్లే. అది ప్రభుత్వ శాఖ కావచ్చు, ప్రైవేటు కంపెనీ కావచ్చు. పాల శాంపిల్ పరీక్షకు పాలు పోసేవాడే డబ్బు కట్టినట్టు. పరీక్ష చేసే మనిషి నిజాయితీపరుడైతే పర్వాలేదు. కానీ ఒత్తిడి మాత్రం ఉంటుంది. "తొందరగా ముగించు, అనుమతి ఆగకూడదు" అనే మాట ఆయన చెవిన పడుతూనే ఉంటుంది.

ఇంకో ఇబ్బంది కాలం. పరిశోధకుడైతే ఒకేచోట ఏళ్లకు ఏళ్లు ఉండగలడు. కర్నూలు దాటి నందికొట్కూరు వైపు వెళితే రోళ్లపాడు ఉంది. అక్కడ బట్టమేక పిట్ట మీద బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్తలు 1980లలో ఏళ్ల తరబడి పనిచేశారు. 1988లో అది అభయారణ్యమైంది. చుట్టుపక్కల కాలువ నీరు వచ్చి పంటల తీరు మారింది. కృష్ణజింకలు పెరిగి రైతుల చేలమీద పడ్డాయి. బట్టమేక మాత్రం తగ్గిపోయింది. అభయారణ్యం గీత లోపల ఏముందో చూస్తే సరిపోదని, గీత బయట రైతు ఏం పండిస్తున్నాడో కూడా చూడాలని రోళ్లపాడు నేర్పిన పాఠం. అంత ఓపికగా చూడడానికి కన్సల్టెన్సీలో పనిచేసే మనిషికి వ్యవధి ఉండదు. చాలా ప్రాజెక్టులకు వానాకాలం కాని ఒక సీజనులో మూడు నెలల వివరాలు తీసుకుంటే సరిపోతుంది. డ్యామ్‌ల వంటి నదీలోయ ప్రాజెక్టులకే మూడు కాలాల వివరాలు అడుగుతారు.

మార్చిలో వచ్చి చూసినవాడికి మన కుంట ఎండిన గుంతలా, మన గుట్ట రాళ్ల కుప్పలా, మన గైరాన్ ఉత్త బీడులా కనబడతాయి. అది మోసం కాకపోవచ్చు. కళ్లకు కనబడిందే రాసి ఉండొచ్చు. కానీ ఆగస్టులో ఆ కుంట కింద ఎన్ని బోర్లు ఊరతాయో, ఆ బీడులో ఎన్ని గొర్రెలు మేస్తాయో మీకు తెలుసు, ఆయనకు తెలియదు.

నేను చేసిన తప్పు

ఈ మాట చెప్పే అర్హత నాకు ఊరికే రాలేదు. ఉద్యోగంలో చేరిన కొన్నేళ్లకు ఒక ఊళ్లో క్వారీ కోసం సర్వేకు వచ్చిన కుర్రవాడు నన్ను కలిశాడు. ఎండాకాలం. ఆ గుట్ట కింద భూమి గురించి అడిగాడు. విత్తనాల లారీ వస్తుందన్న తొందరలో ఉన్నాను. "అది ఉత్త బీడు, ఏమీ పండదు" అని చెప్పేసి వెళ్లిపోయాను. పంట లెక్కల్లో అది బీడే. కానీ గుట్టమీద పడిన వాన అటునుంచే కిందికి దిగి కుంట నింపుతుందని, ఆ కుంట కింద ఆరేడు కుటుంబాలు ఆముదం, కంది, కాస్త కూరగాయలు పండించుకుంటున్నాయని నాకు తెలుసు. అతను అడిగింది బీడు గురించి, నేను బీడు గురించే చెప్పాను. నీటి గురించి అతను అడగలేదు, నేను చెప్పలేదు.

తర్వాత మట్టి కుప్పలు పోయడంతో వాగు దారి మళ్లింది. కుంటకు నీరు తగ్గింది. ఆ కుటుంబాల్లో ఒక అవ్వ నన్ను అడిగింది: "సారూ, నీకు ఎరికే కదా. ఎందుకు చెప్పలేదు?" నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు నుంచి సర్వేకు ఎవరొచ్చినా పనులన్నీ పక్కనపెట్టి వాళ్లను వెంటబెట్టుకొని తిరుగుతాను.

రాయకపోతే లేనట్టే: సోంపేట అనుభవం

ఇది చిన్న విషయం అనుకోకండి. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో బీల అనే చిత్తడి నేల ఉంది. వాన నీరు నిలిచే ఆ నేల మీద చుట్టుపక్కల ఊళ్ల వ్యవసాయం, చేపల వేట ఆధారపడి ఉన్నాయి. అక్కడ బొగ్గు విద్యుత్ కేంద్రం కట్టాలని ప్రతిపాదన వచ్చింది. కాగితాల్లో ఆ స్థలం పనికిరాని నేలగా నమోదైంది. 2009లో పర్యావరణ అనుమతి వచ్చింది. ఊళ్లవాళ్లు ఎదురు తిరిగారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో మనుషులు ప్రాణాలు కోల్పోయారు. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ అనుమతిని రద్దు చేసింది. అది చిత్తడి నేల అని ఒప్పుకోవడానికి అంత దూరం పోవాల్సి వచ్చింది.

బీల అంటే ఏమిటో అక్కడి రైతుకు, మత్స్యకారుడికి ముందే తెలుసు. ఆ తెలిసిన సంగతి మొదటి కాగితంలోనే చేరి ఉంటే కథ వేరుగా ఉండేది. మనం నేర్చుకోవాల్సింది ఇదే. రిపోర్టులో లేని కుంట ప్రభుత్వం దృష్టిలో లేని కుంటే.

రిపోర్టులు కాపీ కొట్టిన సందర్భాలూ ఉన్నాయి. మహారాష్ట్రలో రత్నగిరి జిల్లా బాక్సైట్ గనికి రాసిన రిపోర్టులో రష్యాలోని వేరే గని రిపోర్టు భాగాలు ఎత్తి పెట్టినట్టు బయటపడింది. మన గుట్టలో లేని చెట్టు పేరు జాబితాలో ఉంటే దాన్ని ముందుగా పట్టుకోగలిగేది ఆ గుట్టమీద మేకలు మేపేవాళ్లే.

మన మూడు జిల్లాల్లో

*పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతల:* 2015 జూన్‌లో శంకుస్థాపన జరిగింది. కొల్లాపూర్ దగ్గర నార్లాపూర్, వనపర్తి జిల్లాలో ఏదుల, బిజినేపల్లి మండలంలో వట్టెం రిజర్వాయర్లు ఇందులోవే. పర్యావరణ అనుమతి కోసం ప్రజాభిప్రాయ సేకరణ సభలు జరిగింది 2021 ఆగస్టులో. అప్పటికే పనులు చాలా ముందుకు పోయాయి. 2021లో జాతీయ హరిత ట్రైబ్యునల్ అనుమతి లేకుండా పనులు చేయవద్దని చెప్పింది. 2022 డిసెంబరులో దీనిపైనా, డిండి పథకంపైనా కలిపి రాష్ట్రానికి సుమారు 920 కోట్ల రూపాయల పరిహారం విధించింది. దానిపై 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. ప్రాజెక్టు మన కరువు సీమకు కావాలా వద్దా అన్నది ఇక్కడ చర్చ కాదు. నీళ్లు కావాలి, అందులో ఎవరికీ అనుమానం లేదు. కానీ జీవశాస్త్రవేత్త చేయాల్సిన పని, సభ, రిపోర్టు ముందుగా జరిగితే రైతుకు కూడా ఆలస్యం తప్పుతుంది. కాగితం వెనకబడితే కాలువ కూడా వెనకబడుతుంది.

*అమ్రాబాద్:* నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో 2,611 చదరపు కిలోమీటర్ల పులుల అభయారణ్యం ఇది. 2019 మేలో యురేనియం అన్వేషణకు 83 చదరపు కిలోమీటర్లలో అనుమతి ఇవ్వవచ్చని కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా సిఫారసు చేసింది. చెంచులు, రైతులు, పట్నం చదువరులు కలిసి వద్దన్నారు. 2019 సెప్టెంబరులో రాష్ట్ర శాసనసభ దానికి వ్యతిరేకంగా తీర్మానం చేసింది. అడవిలో ఏ నీటి చెలిమ ఎక్కడుందో చెంచులకు తెలిసినంత ఏ నిపుణుడికీ తెలియదు. ఆ మాట నిపుణులే ఒప్పుకుంటారు.

*గద్వాల:* 2025 జూన్‌లో రాజోలి మండలం పెద్ద ధన్వాడ దగ్గర ఇథనాల్ ఫ్యాక్టరీ విషయంలో రైతుల ఆందోళన ఘర్షణ దాకా పోయింది. ఈ సందర్భంలో ఒక నిబంధన తెలుసుకోండి. పెట్రోలులో కలపడానికి మాత్రమే ధాన్యం నుంచి ఇథనాల్ తీసే ఫ్యాక్టరీలను 2021 జూన్‌లో కేంద్రం షరతులతో "బీ2" అనే తరగతిలోకి మార్చింది. బీ2 ప్రాజెక్టులకు పూర్తి ఈఐఏ రిపోర్టు, ప్రజాభిప్రాయ సభ అవసరం లేదు. సోలార్ విద్యుత్ కేంద్రాలు 2006 నోటిఫికేషన్ కిందికే రావు. కాబట్టి మీ ఊరికి వస్తున్నది ఏ తరగతి ప్రాజెక్టు అన్నది మొదట అడగాల్సిన ప్రశ్న.

సర్వేకు వచ్చినప్పుడు మీరు ఏం చేయాలి?

1. మర్యాదగా పలకరించండి, వెళ్లగొట్టకండి. వాళ్లు భూమి కొలిచేవాళ్లు కారు. భూసేకరణకు 2013 చట్టం కింద వేరే పద్ధతి, వేరే అధికారులు ఉంటారు. వెళ్లగొడితే మీ మాట లేకుండానే రిపోర్టు తయారవుతుంది.

2. నాలుగు ప్రశ్నలు అడిగి రాసి పెట్టుకోండి. ఏ సంస్థ నుంచి వచ్చారు? ఏ ప్రాజెక్టు కోసం? అది ఏ తరగతి కిందికి వస్తుంది? వానాకాలంలో మళ్లీ వస్తారా? తేదీ కూడా రాయండి. ఫలానా నెలలో ఇన్ని రోజులు తిరిగామని తర్వాత రిపోర్టులో ఉంటే సరిచూసుకోవచ్చు.

3. మీరే వెంట నడిచి చూపించండి. కుంట, వాగు, ఊటచెలిమ, మేత భూమి, పెద్ద చింత, మర్రి చెట్లు, తేనెపట్లు ఉండే బండలు, నెమళ్లు గుడ్లు పెట్టే చోట్లు, జింకలు దాటే దారి, వాగులో మొసలి కనబడిన మడుగు. పక్షి పేరు ఇంగ్లిషులో తెలియకపోయినా ఫర్వాలేదు. తీతువు, కౌజు, పాలపిట్ట, గిజిగాడు అని మన పేర్లే చెప్పండి. మిగతాది వాళ్ల పని.

4. పంట నష్టం తప్పకుండా చెప్పండి. గుట్ట పేలిస్తే, పొదలు కొట్టేస్తే అక్కడుండే అడవిపందులు, కోతులు పక్క చేలమీద పడే ప్రమాదం ఉంటుంది. ఈ ముప్పుకు పరిష్కారం కూడా రిపోర్టులో రాయమని అడగండి. కృష్ణానది వెంట నారాయణపేట జిల్లాలో కృష్ణ, మాగనూరు వైపు రైతులు జింకల మందలతో ఎంత నష్టపోతున్నారో మీరు వినే ఉంటారు.

5. లేనిది ఉందని చెప్పకండి. ప్రాజెక్టు ఆగాలని "పులి వచ్చింది" అని చెబితే, అది అబద్ధమని తేలాక మీ కుంట గురించి చెప్పిన నిజాన్నీ ఎవరూ నమ్మరు.

ఏ కాలంలో ఏం చూపించాలో ఈ పట్టిక గుర్తుపెట్టుకోండి:

- జూన్ నుంచి సెప్టెంబరు: వాగు దారి, కుంట నిండే మట్టం, బోర్లు ఊరే తీరు, మేత, నెమళ్ల గూళ్లు.
- అక్టోబరు నుంచి ఫిబ్రవరి: చెరువులు, నది వెనుక జలాల్లో దిగే వలస పక్షులు, యాసంగి పంట మీద పడే జంతువులు, మామిడి పూత మీద తేనెటీగలు, ఈగలు.
- మార్చి నుంచి మే: ఎండిపోని చెలిమలు, మడుగులు. మనుషులు, పశువులు, జంతువులు అన్నీ ఆధారపడే నీరు అదే.

సెల్‌ఫోనులో తేదీ పడేలా ఫొటో తీసి ఉంచండి. ఇప్పుడే మొదలుపెట్టండి. ఏ ప్రాజెక్టూ రాకపోయినా నష్టం లేదు.

చాలామంది అడిగే అనుమానం

"నెమలి ఉందని రాస్తే మా భూమి అడవిలో కలిపేస్తారా సార్?" కలపరు. ఈఐఏ జాబితాలో పక్షి పేరు ఉన్నంత మాత్రాన మీ పట్టా మారదు, మీ పంట ఆగదు. అభయారణ్యం ప్రకటించడానికి 1972 చట్టంలో వేరే పద్ధతి ఉంది. ఆ భయంతో నోరు మూసుకుంటే మీ కుంట గురించి చెప్పే అవకాశం కూడా పోతుంది.

ప్రజాభిప్రాయ సభ: మీ మాటకు చట్టం ఇచ్చిన చోటు

పెద్ద ప్రాజెక్టులకు రిపోర్టు ముసాయిదా తయారయ్యాక కాలుష్య నియంత్రణ మండలి ఈ సభ పెడుతుంది. కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ పత్రికలో, ఒక తెలుగు పత్రికలో ప్రకటన రావాలి. ముసాయిదా రిపోర్టు, దాని తెలుగు సారాంశం కలెక్టర్ కార్యాలయం, జిల్లా పరిషత్, జిల్లా పరిశ్రమల కేంద్రం వంటి చోట్ల చూడడానికి ఉంచాలి. కలెక్టర్ గానీ, అదనపు కలెక్టర్ స్థాయికి తగ్గని అధికారి గానీ సభ నడుపుతారు. వీడియో తీస్తారు. చివర్లో చెప్పిన విషయాల సారాంశం తెలుగులో చదివి వినిపించాలి.

సభలో ఇంతమంది ఉంటేనే చెల్లుతుందన్న నియమం లేదు. మీరు పోకపోయినా సభ జరిగిపోయినట్టే లెక్క. ఒక్కరు మాట్లాడినా నమోదు కావాలి. మాట్లాడడానికి బెరుకుగా ఉంటే కాగితం ఇవ్వండి. నమూనా ఇది:

"అయ్యా, మాది ______ గ్రామం, ______ మండలం. ప్రతిపాదిత ______ ప్రాజెక్టు ముసాయిదా రిపోర్టు ______ పేజీలో మా ఊరి సర్వే నంబరు ______ బీడు భూమి అని రాశారు. అది నిజం కాదు. అక్కడ ______ కుంట ఉంది. దాని కింద ______ ఎకరాలు సాగవుతున్నాయి. వానాకాలంలో తీసిన ఫొటోలు జత చేశాను. వానాకాలంలో మళ్లీ పరిశీలించి, కుంటకు నీరు తగ్గకుండా, వన్యప్రాణుల వల్ల మా పంటలు పాడవకుండా తీసుకునే చర్యలు తుది రిపోర్టులో చేర్చగలరు."

దీనికి ముట్టినట్టు సంతకం తీసుకోండి. "ప్రాజెక్టు వద్దు" అనో "కావాలి" అనో ఒక్క మాట చెప్పి కూర్చోవడం కంటే పేజీ నంబరు, సర్వే నంబరు చెప్పిన కాగితానికి బరువు ఎక్కువ. సభలో లేవనెత్తిన అంశాలకు తుది రిపోర్టులో జవాబు రాయాల్సిందే. ఆ జవాబు రాయాల్సింది కూడా ఆ కన్సల్టెంట్లే. నిజాయితీగా పనిచేసే జీవశాస్త్రవేత్తకు మీ కాగితం బలం. "ఊరివాళ్లు రాతపూర్వకంగా అడిగారు, రాయక తప్పదు" అని తన పైవాళ్లకు చెప్పుకోగలడు.

అనుమతి వచ్చాక

అనుమతి పత్రంలో షరతులు ఉంటాయి. దాని ప్రతి గ్రామ పంచాయతీకి అందాలి. షరతులు ఎంతవరకు పాటించారో ప్రాజెక్టువాళ్లు ఏటా జూన్ 1, డిసెంబరు 1 నాటికి రిపోర్టు ఇవ్వాలి. పరివేష్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఈ కాగితాలు చూడవచ్చు. డిగ్రీ చదివే పిల్లలతో వెతికించండి. అనుమతి మీద అభ్యంతరం ఉంటే 30 రోజుల్లో చెన్నైలోని హరిత ట్రైబ్యునల్ దక్షిణ బెంచీకి అప్పీలు చేసుకోవచ్చు. సరైన కారణం చూపితే మరో 60 రోజుల వరకు ఆలస్యాన్ని మన్నించే వీలుంది.

ప్రాజెక్టు వచ్చేదాకా ఆగకుండా చేయగలిగే పని ఇంకొకటి ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. అది ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ తయారు చేయాలి. మీ ఊరి చెట్లు, నాటు విత్తనాలు, పశుజాతులు, పక్షులు, కుంటలు అందులో రాయించండి. మీ ఊరి రిజిస్టర్‌లో ఏముందో పంచాయతీ కార్యదర్శిని అడగండి. పక్క ఊరి రిజిస్టర్ నుంచి ఎత్తి రాసినట్టు ఉంటే గ్రామసభలో సరిచేయించండి. రేపు సర్వేకు వచ్చిన మనిషికి ఆ పుస్తకం చేతిలో పెట్టవచ్చు.

మీ పిల్లలకు ఈ దారి

చివరగా ఒక మాట. ఇది మన పిల్లలు చేయగల ఉద్యోగం. బీఎస్సీలో జువాలజీ, బోటనీ, ఫారెస్ట్రీ, అగ్రికల్చర్ చదివినవాళ్లు ఆపైన వైల్డ్‌లైఫ్, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ వంటి వాటిలో పీజీ చేసి ఈ రంగంలోకి రావచ్చు. మహబూబ్‌నగర్‌లో పాలమూరు యూనివర్సిటీ ఉంది. సిద్దిపేట జిల్లా ములుగులో ఫారెస్ట్ కాలేజీ ఉంది. డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్‌లో, బెంగళూరులోని ఎన్‌సీబీఎస్‌లో వన్యప్రాణుల మీద ఎమ్మెస్సీ ఉంది. సీట్లు తక్కువ, ప్రవేశ పరీక్షలు గట్టివి. సంస్థలో మొదట సహాయకులుగా చేరి, కొన్నేళ్లు క్షేత్రంలో తిరిగాకే రిపోర్టు మీద సంతకం పెట్టే నిపుణుడి స్థాయి వస్తుంది.

సులువైన పని అని చెప్పను. నెలలో సగం రోజులు ఊళ్ల వెంట తిరగాలి. గడువు మీద గడువు ఉంటుంది. చూసింది చూసినట్టు రాస్తే పైనుంచి మాట పడవచ్చు, రాయకపోతే కింద ఎవరో ఒక అవ్వ కుంట ఎండిపోవచ్చు. ఈ రెండింటి మధ్య నిలబడగలిగే పిల్లలు కావాలి. చెల్కలో పుట్టినవాళ్లకు ఒక సౌకర్యం ఉంది. మార్చిలో ఎండిన గుంత చూసినా ఆగస్టులో అది కుంట అవుతుందని వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

రైతు వేదికలో అడిగిన పెద్దాయనకు ఆ రోజు ఇదంతా చెప్పే సమయం లేదు. "రేపు పొద్దున వాళ్లతో కలిసి నడువు, నేనూ వస్తా" అన్నాను. మరుసటి రోజు ముగ్గురం నలుగురం కలిసి గుట్ట చుట్టూ తిరిగాం. వాగు ఎటునుంచి దిగుతుందో ఆయన చేతికర్రతో గీసి చూపించాడు. ఆ పిల్ల నోటు పుస్తకంలో అదే గీత గీసుకుంది.

మీ ఊరికి ఇలాంటి సర్వే వస్తే మీ క్లస్టర్ వ్యవసాయ విస్తరణ అధికారికి, పంచాయతీ కార్యదర్శికి వెంటనే తెలియజేయండి. ప్రజాభిప్రాయ సభ ప్రకటన పత్రికలో కనబడితే కత్తిరించి పంచాయతీ నోటీసు బోర్డు మీద అంటించండి.